స్టీలు గ్లాసుల పెండ్లి

12 జనవరి 1987, సోమవారం

మా గల్లీ కళావతి తన బర్రెను మా పశువుల దవాఖానకు తోలుకొచ్చింది. గౌలిపుర నుంచి నడిపించుకుంటనే వచ్చింది. నాలుగు దినాల సంది మేత ముట్టలేదట. పొట్ట డోలు లెక్క ఉబ్బింది. సీతారాం డాక్టర్ సారు ఎడమ పక్క కోసిండు. నేను అటెండర్‌ను, లోపలికెల్లి తీసినయన్ని బకెట్ల పట్టుకునుడు నా పని.

ప్లాస్టిక్ కవర్లు. ముద్దలు ముద్దలు. ఒక బకెట్ నిండింది, ఇంకోటి తెచ్చిన.

ఒకదాని మీద అచ్చు ఇంకా కనవడుతున్నది. నా ప్రధానం చీర కొన్న దుకాణం పేరు. గసొంటి కవర్ల కూరగాయల పొట్టు గట్టి మోరీ పక్కకు విసిరేసిన నేను. గా కవర్ నాదేనో, కాదో. ఆ దుకాణానికి మస్తు మంది పోతరు.

13 జనవరి

బర్రె సచ్చిపోయింది. కళావతి ఏడ్వలే. గియ్యి ఎవలింట్లయి రాహేలు అని మాత్రం అడిగింది. నేను బకెట్లు కడగ పోయిన.

18 జనవరి, ఆదివారం

బాపు డ్రైవర్ డ్యూటీల ఏసుకున్న పాత ఖాకీ ప్యాంట్లు కోసి మూడు సంచులు కుట్టిన. మటన్‌కు స్టీలు డబ్బా తీస్కపోయిన. దుకాణంల అందరు నవ్విండ్రు. నవ్వుకోండ్రి.

కిరాణం వైకుంఠం సేటు చక్కెర కవర్ల పోయబోతుంటే వద్దన్న, కాయితంల కట్టియ్యుమన్న. కవర్ ఫ్రీ గద, గింత లొల్లి ఏందన్నడు. ఫ్రీ గాదు సేటు, ఒక బర్రె పాణం అన్న.

అటెంక కళావతి ఇంటికి పోయిన. ఆ కవర్లల్ల ఒకటి నాదే గావచ్చు అని చెప్పేసిన. కళావతి లేషి చాయ్ పెట్టింది. పాలు లేని చాయ్.

25 జనవరి, ఆదివారం

ఇశ్రాయేలుతోని నా పెండ్లి ఫిబ్రవరి 12. అమ్మానాయిన లేని పిల్లగాన్ని పెంచి, లేత్ పని నేర్పించి, ఫ్యాక్టరీల పెట్టిచ్చింది వాళ్ల అన్న మొగులయ్య బావ. ఇయ్యాల ఆయన రెండు అట్ట డబ్బాలు ఏసుకొని వచ్చిండు. ప్లాస్టిక్ గ్లాసులు. మలక్‌పేటల కొత్తగ ఏజెన్సీ పట్టిండు. పెండ్లికి వెయ్యి గ్లాసులు నా కానుక, తాగి పారేసుడే, కడిగే ఫికర్ లేదన్నడు. మురిసిపోతున్నడు.

వద్దన్న.

బర్రె సంగతి చెప్పిన. బావ ముందుగాల నవ్విండు. నేను నవ్వకపోతే ఆయన మొకం మారింది. ఇంట్ల కాలు పెట్టకముందే నా కానుక కాలదన్నినవ్, గ్లాసులు లేకుంటే పెండ్లి లేదు, నా తమ్ముడు నా మాట దాటడు అన్నడు. డబ్బాలు ఎత్తుకొని పోయిండు.

26 జనవరి

బాపు అన్నం తినలే. ముప్పై ఏండ్ల పిల్లకు గ్లాసుల పంచాది ఏంది అని గోడకు చెప్పిండు. ఇరవై ఎనిమిదే అని నేను గూడ గోడకే చెప్పిన.

28 జనవరి, బుధవారం

ఇశ్రాయేలు దవాఖాన గేటు కాడికి వచ్చిండు. ఆయన కూడ కొట్లాడతడనుకున్న. కొట్లాడలే.

వాళ్ల ఊరి హోటల్ల మాలోళ్లకు, మాదిగోళ్లకు వేరే గ్లాసులట. బయట చూరుకు పెట్టేటోళ్లు. బావ పదేండ్లప్పుడు తెల్వక లోపలి గ్లాసు ముట్టుకున్నడట. గందుకు కట్టెలతోని కొట్టిండ్రట. పట్నం వచ్చినంక గీ ప్లాస్టిక్ గ్లాసు చూసిండు. తాగుడు, పారేసుడు. ఎవలు తాగిన గ్లాసని ఎవ్వలు అడగరు. అన్నకు అది వ్యాపారం గాదు రాహేలు అన్నడు.

మా నాయినమ్మకు ఊర్లె దోసిట్లనే నీళ్లు పోసిండ్రు. నాకు తెల్వదా.

డ్యూటీ దిగి, ఇశ్రాయేలుతోని మలక్‌పేటల బావ కాడికి పోయిన. బావా, తాగి పారేస్తే మనల్ని ముట్టనోళ్లు తప్పిచ్చుకుంటరు అన్న. మనం తాగిన గ్లాసుల వాళ్లు తాగే పనే ఉండదు. నా పెండ్లిల నువ్వు తాగిన గ్లాసుల సేటు తాగాలె, డాక్టర్ తాగాలె. తాగనోడు దూపతోని పోనియ్యి.

తాగరు అన్నడు బావ.

చూద్దాం అన్న. పెండ్లి ఆపుతవా అని అడిగిన. ఆయన డబ్బాలు సర్దుకుంట కూసున్నడు. నేను వచ్చేసిన.

11 ఫిబ్రవరి

బావ నుంచి కబురు లేదు. మూడు వందల స్టీలు గ్లాసులు కిరాయికి తెచ్చిన. విస్తర్లు వచ్చినయ్. ఎవరొచ్చినా రాకున్నా నేను చర్చికి పోత.

13 ఫిబ్రవరి, పొద్దున

పెండ్లయింది.

బావ చర్చికి వచ్చిండు. ప్రార్థన అయ్యేదాక వెనుక బెంచీలనే కూసున్నడు. డేరా కింద బగారా అన్నం వడ్డిస్తుంటే వాకిట్ల నిలవడ్డడు. గ్లాసులు కడిగేకాడ కళావతి కొంగు నడుముకు చెక్కుకొని కూసున్నది. రమ్మని పిలిస్తే వచ్చింది గంతే, పని నేను చెప్పలే.

వైకుంఠం సేటు అన్నం ముందట పెట్టుకొని, ఎవ్వలు ముట్టని కొత్త గ్లాసు ఉన్నదా అని మెల్లగ అడిగిండు. పంక్తిల అందరు విన్నరు. చేతులు ఆగినయ్. చీర దగ్గరికి పట్టుకొని లేవబోయిన.

నాకన్న ముందు కళావతి లేషింది. బావ అప్పుడే నీళ్లు తాగి గ్లాసు పక్కకు పెట్టిండు. గదే గ్లాసు తీసుకొని కడిగింది, నింపింది, అందరి ముందట మూతి పెట్టి తాగింది. మల్ల కడిగి నింపి సీతారాం సారుకు ఇచ్చింది. సారు తాగిండు. ఇంకో గ్లాసు ఇయ్యమ్మా, కూరల కారం ఎక్కువైంది అన్నడు. పంక్తంత నవ్వింది. నీళ్లు, నీళ్లు అని అందరు అడుగుడు మొదలువెట్టిండ్రు.

సేటు విస్తరి మడిచి లేషి పోయిండు. పోనియ్యి.

బావ మొకం అటు తిప్పుకున్నడు. భుజం మీది తువాలతోని తుడుసుకున్నడు. అన్నం తిన్నడు, పంక్తిల కళావతి పక్కపొంటి కూసొనే.

22 ఫిబ్రవరి, ఆదివారం

బావ ఇంకా నాతోని మాట్లాడుతలేడు. ఇయ్యాల ఒక్కదాన్నే మలక్‌పేటల ఆయన ఇంటికి పోయిన. వాకిట్ల అరుగు మీద కూసున్నడు. నేను గూడ కూసున్న. గోడ మీద ఒక పిల్లి తన పిల్లను నోట కరుసుకొని అటు పోతది, ఇటొస్తది, జాగ దొరుకుతలేదు. ఇద్దరం దాన్నే చూసినం. పొద్దుగూకినంక లేషిన. మల్ల రా బిడ్డా అన్నడు, పిల్లి దిక్కే చూసుకుంట.