కెప్టెన్ హరిచందనకు

చందూ,

నీకు పెద్ద కాలేజీలో సీటొచ్చిందని మీ అమ్మ, కనకరత్నం పిన్ని, బాన్సువాడలో మా వీధంతా మైసూర్‌పాక్ పంచింది. నేనూ తిన్నాను.

అంతకు ముందే ఆ కాలేజీ మేడమ్ నాకు ఫోన్ చేసింది. బీర్కూర్ ఆడపిల్లల కబడ్డీ జట్టును నువ్వే తయారుచేశావని దరఖాస్తులో రాసి, సాక్షిగా నా నంబరే ఇచ్చావట. అక్క కాదనదని ఎంత ధైర్యం! ఒకప్పుడు అదే కాలేజీ "చదువు కాక ఇంకేం చేశావు?" అని అడిగి నన్ను వెనక్కి పంపింది. ఆ కోపంతోనే రోజూ సాయంత్రం బస్సెక్కి వెళ్లి ఆ జట్టును నిలబెట్టాను. నువ్వు ఒక్కసారి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా ఫొటో దిగి పోయావు.

అయినా నేను కాదనలేదు. "కూతకు వెళ్తే ఇద్దరినైనా అవుట్ చేయకుండా తిరిగి రాదండీ" అని ఇంకాస్త కలిపి చెప్పాను. ఇప్పుడు నిన్ను కాలేజీ జట్టుకు కెప్టెన్‌ను చేశారటగా! తొలి మ్యాచ్ నువ్వు తయారుచేసిన పిల్లలతోనే పెట్టమని అడిగితే మేడమ్ సంతోషంగా ఒప్పుకుంది.

ఆ మాట విని మా జట్టులోని రెహానా పడీ పడీ నవ్వింది. "గామెనా అక్కా? మట్టంటుతదని గీత దాటి లోపలికే రాకపాయె. ఇగ కూతెట్ల పెడ్తది?"

ఆదివారం వస్తున్నాం. కాలు బెణికిందని తప్పించుకోకు, అలాంటివి నీకు లెక్కే కాదని మేడమ్‌కు చెప్పి ఉంచాను. మొదటి కూత నీదే. నిన్నెవరూ పట్టుకోవద్దని పిల్లలకు చెప్పాను. నీ దమ్ము అయిపోయేదాకా చేతులు కట్టుకుని చూస్తారు.

అక్క