గండికోటలో తెల్లచొక్కా

మామా,

నువ్వు పోయాక ఇది రెండో ఉగాది. మన లతను చేసుకున్న కొత్తల్లుడు పొద్దున్నే, "పండగపూట మేమిద్దరం యాడికన్నా పోవాలత్తా. పెళ్లైన కొత్తలో మీరు యాడికి పోయినారు?" అని అడిగాడు. గండికోట అన్నాను. నన్నూ రమ్మని పట్టుబట్టారు. ఇద్దరూ పోవాలనుకున్నవాళ్లు నన్నెందుకు పిలిచారో అర్థం కాలేదు, అయినా పోయాను.

మన కాలంలో మొగుడి పక్కన నడిస్తే తప్పు కదా. ఆ ఉగాదికి గండికోటలో నువ్వు పది అడుగులు ముందు, నేను వెనక. పండక్కి మగవాళ్లందరివీ కొత్త తెల్లచొక్కాలే. తలొంచుకుని నడుస్తూ, జనంలో ఎవరి వెనకో పోయాను. నువ్వు పరిగెత్తుకొచ్చి, "నీ మొగుడు ఈడుండాడు, యాడికి పోతాండావు?" అని నవ్వావు. అక్కణ్ణుంచి లోయ దాకా పక్కనే నడిపించావు.

ఈరోజు మన లత మొగుడి చెయ్యి పట్టుకుని ముందు నడిచింది. పండక్కి చేసిన ఓళిగల డబ్బాతో నేను వెనక. ఉన్నట్టుండి లత గొంతు ఎక్కడో దూరం నుంచి వినిపించింది.

"అమ్మా, యాడికి పోతాండావు?"

తలెత్తితే నా ముందు ఎవరిదో తెల్లచొక్కా. ఎంతసేపటి నుంచి ఆయన వెనక నడుస్తున్నానో తెలియదు. లత పిలుస్తూనే ఉంది. నువ్వు పరిగెత్తుకొస్తావనుకున్నానో ఏమో, నేను అక్కడే నిలబడ్డాను.