ఆ రచయిత్రిని వెతికే పని

స్ఫాక్స్,
శుక్రవారం

దలెందా,

నిన్న తలనొప్పంటూ పుస్తకాల గోష్ఠి మధ్యలోనే వెళ్ళిపోయావు. తగ్గిందా?

నువ్వు వెళ్ళాక ఏం జరిగిందో చెప్పాలి. ఆ కొత్త నవలని ఉతికి ఆరేశావు కదా, "ఇదీ ఒక కథేనా? రాసినావిడకి ఇంట్లో వేరే పనేం లేదా?" అని! మేమంతా నవ్వాం. వసీలా పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. ఏ పుస్తకాన్నీ మెచ్చుకోని మనిషి, ఖర్జూరం మిఠాయి పళ్ళెం పక్కకి నెట్టేసి, "దలెందాకి నోరెలా వచ్చిందే? కథలో ఆ తల్లి పోయిన చోట నాకు ముద్ద దిగలేదు. ఆవిడ ఇంకొకటి రాస్తే, నేను బతికుండగానే చదవాలి" అంది.

ఆ నవలలో తల్లి, తాళంచెవిని కుస్కుస్ వండే గిన్నెలో దాచి, ఆ సంగతి మరిచిపోయి ఇల్లంతా వెతుకుతుంది. మీ అమ్మ అలా దాచిన తాళంచెవిని చిన్నప్పుడు మనిద్దరం ఎన్నిసార్లు తీసివ్వలేదు! అట్ట మీద ఎవరి పేరుంటే ఏం?

ఎవరో తిట్టేలోపు నువ్వే తిట్టేసుకుంటే నొప్పి తగ్గుతుందనుకున్నావు కాబోలు, పిచ్చి మొహమా.

ఇంకో మాట. ఆ రచయిత్రి ఎక్కడున్నా వెతికి, వచ్చే గురువారం గోష్ఠికి తీసుకురమ్మని పెద్దమ్మ నాకే పురమాయించింది. "దొరక్కపోతే?" అన్నాను. "దొరికేదాకా నువ్వూ రాకు" అంది.

నేను గోష్ఠి మానలేనని నీకు తెలుసు. గురువారం మధ్యాహ్నం మీ గుమ్మంలో ఉంటాను. తయారై ఉండు.

నీ చిన్ననాటి నేస్తం