కాగితం మీద పెట్టవద్దన్న వేరు

హైదరాబాదు,
ఆదివారం.

అన్నకు,

కమ్లి దండాలు. బాపు, వదిన, పిల్లలు అందరు మంచిగున్నరా? బాపు మోకాలు నొప్పి తగ్గిందా? నేను మంచిగనే ఉన్న. గిది ఫోన్‌ల చెప్పే సంగతి కాదు, అందుకే ఉత్తరం. మన మాటకు అక్షరాలు లేవు కాబట్టి ఎప్పటి లెక్కనే తెలుగులో రాస్తున్న.

ఇక్కడ ముసురు పట్టింది. యూనివర్సిటీ గేటు కాడ రోజూ తెలంగాణ ధర్నా. నేనూ పోయి కూసుంటున్న. మెస్సులో రొట్టె దొరకదు, రెండు పూటలా అన్నమే. తింటున్న, ఫికర్ చేయకు.

సమ్మెలో బస్సులు లేక దాదిని ఆఖరిసారి చూడలేదు. బాపు తన తల్లిని సాగనంపిన నాడు నేను లేను. జీపు దొరికి నేను తండాకు వచ్చేసరికి మీరు అంతా ముగించి మూడు రోజులైంది. ఆ సంగతి మళ్లీ రాయను.

ఇప్పుడు ఆమెతోనే పని పడ్డది. తండాలో కాన్పులు చేసే ఆడవాళ్ల మందుల మీద థీసిస్ రాస్తున్న కదా. బాలింతకు నెత్తురు ఆగకుంటే ఇచ్చే వేరు, దాది చూపింది, అందులో రాసిన. మా సారు చదివి ఆధారం ఏదన్నడు. ఒక పుస్తకంలో గిదే వేరు ఉన్నది, దాన్ని చూపితే చాలన్నడు. తెరిచి చూస్తే, ఒక లంబాడీ ముసలమ్మ చెప్పింది అని ఉన్నది. పేరు లేదు, తండా లేదు. నేను దాది పేరే పెడతనన్న. సారు ఒప్పుకున్నడు.

"పెట్టు. రాయడానికి ఆమె ఒప్పుకున్నదని కూడా రాయి" అన్నడు.

పేరు కాడనే ఆగిపోయిన. రేషన్ కార్డుల సోమమ్మ అని ఉన్నది, అది రాసినోడు పెట్టిన పేరు. మనకు ఆమె దాదినే, ఇంకో పేరు ఎన్నడూ అడగలేదు. ఒప్పుకున్న సంగతి ఇంకా కష్టం. వేరు చూపిన నాడు నేను నోట్‌బుక్ తీస్తే నవ్వింది.

"గింత సదువుకున్నవ్, ఒక్క వేరు తలకాయల నిలువదా? కాగితం మీద పెట్టకు. కాగితం ఎవరింటికన్న పోతది."

ఎకసెక్కం ఆడుతుందనుకున్న. ఆమె ఇంట్లకు పోంగనే రాసుకున్న. అన్న, ఆమె నిజంగనే వద్దన్నది. ఇప్పుడు అడుగుదామంటే లేదు.

దాది చెల్లె భూపాలపల్లి దిక్కు తండాల ఉన్నది. ఇద్దరూ ఒక్క చోటనే కాన్పులు నేర్చుకున్నరు. నా కోసం ఒకసారి పోయిరా. మొదలు దాదికి తల్లి పెట్టిన పేరేందో అడుగు. తర్వాత, వద్దన్నా రాసుకున్న అని ఉన్నదున్నట్టు చెప్పి, ఆ వేరు నేను రాసే థీసిస్‌లో ఉండొచ్చా అని అడుగు. వద్దంటే ఆ పేజీలు తీసేస్త. అవి తీస్తే థీసిస్ ఈ ఏడు ముగియదు, నేను ఇంటికి రావడం ఇంకా ఆలస్యమైతది. నా చదువు ఏమైతదోనని ఆమె మాటను మెత్తగ చేసి రాయకు. వద్దంటే వద్దన్నదని రాయి.

బాపు కాళ్లకు నా బదులు నువ్వు మొక్కు. వదినను, పిల్లలను అడిగినట్టు చెప్పు.

నీ చెల్లె
కమ్లి