బలపం రుచి

జూన్ 9, సోమవారం

మళ్లీ కళ్లు తిరిగినాయి. మిషను మీద జాకెట్టు కుడతాంటే దారం రెండుగా కనపడింది. అట్లే తల ఆనించి కూర్చున్నా. మా ఆయన మిల్లు నుంచి వస్తానే, "థైరాయిడ్డు మాత్ర మింగినావా?" అన్నాడు. ఈ ఇంట్లో ఏమొచ్చినా థైరాయిడ్డే. జుట్టు రాలితే థైరాయిడ్డు, ఆయాసమొస్తే థైరాయిడ్డు. ఏండ్లుగా మింగుతానే ఉండా కదా...

సాయంత్రం వాన. హిందూపురానికి ఈ ఏడు ఇదే మొదటిది. వాకిట్లో నిలబడితే మట్టి వాసన — నోట్లో నీళ్లూరినాయి. ఈ వయసులో! ఎవరన్నా చూస్తే నవ్వుతారు.

జూన్ 10

ఆ వాసన ఇంకా వదల్లేదు. పెనుకొండ ఇల్లే గుర్తుకొస్తాంది.

పండగ ముందర అవ్వ సుద్దమన్ను కలిపి గోడలకి పూసేది. తడి ఆరకముందే నేనూ సరోజక్కా వేలు రాసి నాకేటోళ్లం. చల్లగా, కమ్మగా... ఏ మిఠాయీ అట్ల ఉండదు. "ఏందే, గోడకి మళ్లీ మచ్చలు!" అని అవ్వ చీపురు తిరగేసేది. బడికి పోతే బలపం. అక్క పంటితో కొరికి పెద్ద ముక్క నాకిచ్చేది. పలక మీద రాసేదానికి ఏమీ మిగిలేది కాదు. ఇద్దరికీ దెబ్బలు.

అవ్వ చాటలో బియ్యం చెరుగుతాంటే గుప్పెడు ఎత్తుకుపోయేటోళ్లం. అమ్మ అరిచేది — "బియ్యం తింటే పెండ్లికి వాన పడతాదే!" అవ్వ మాత్రం, "పడనీలేమ్మే. ఈ సీమలో వాన పడతాదంటే మూటకి మూట తిననీ."

అక్క పెండ్లికి నిజంగానే పడింది. పందిరి వాలిపోయింది. బావ తడిసిన పంచెతో వణుకుతా తాళి కట్టినాడు. అవ్వకి ఎంత గర్వమో, వాన తానే కురిపించినట్టు.

జూన్ 12, గురువారం

డాక్టరమ్మ దగ్గరికి పోయినా. కంటి రెప్ప కిందికి లాగి చూసింది. గోర్లు చూసింది. మధ్యలో గుంట పడి ఉండాయంట, నేనెప్పుడూ చూసుకోలేదు. ఉన్నట్టుండి అడిగింది —

"మట్టి, సుద్ద, పచ్చి బియ్యం... ఇట్లాంటివి తినాలనిపిస్తుందా?"

దొంగ దొరికినట్టే అయింది. పర్సు తెరిచి బలపం ముక్క తీసి బల్ల మీద పెట్టినా. నవ్వుతాదనుకున్నా. నవ్వలేదు.

"ఎప్పటినుంచి?"

"బుద్ధి తెలిసినప్పటినుంచి."

రక్తం తీసుకున్నారు.

జూన్ 14

రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు రాసుకోవాల, లేకపోతే మర్చిపోతా.

హిమోగ్లోబిన్ అంటే కుండలో ఉన్న బియ్యం. ఫెర్రిటిన్ అంటే గాదెలో దాచిన గింజలు, ఒంట్లో దాచుకున్న ఇనుమంట. "మీ కుండలో కొంచెం ఉందమ్మా. గాదె మాత్రం ఊడ్చేసినట్టుంది." నెలనెలా ఎక్కువ పోతాందని ఎవరికీ చెప్పలేదు నేను. ఆడోళ్లకి అంతేలే అనుకుంటి. థైరాయిడ్డు ఉండేది నిజమే. దాని పక్కనే ఇదీ ఉండాది. రెండిటి అలసటా ఒక్క తీరుగానే ఉంటాదంట, అందుకే దీని మాట ఎవరూ ఎత్తలేదు. ఇనుము మాత్ర మధ్యాహ్నం మింగాల. పొద్దున్నే థైరాయిడ్డు మాత్రతో కలిపితే అది పనిచేయదంట. అన్నం తిన్న వెంటనే టీ తాగకూడదు.

మట్టి మీద మనసు పోయేదీ ఇందుకేనంట. ఒంట్లో ఇనుము తక్కువైతే కొందరికి అట్ల ఉంటాదంట. నేను అది మా పెనుకొండ రుచి అనుకుంటాండా ఇన్నాళ్లూ...

లేచి వస్తాంటే అడిగింది — "మీ ఇంట్లో ఇంకెవరైనా తింటారా?"

అక్క.

జూన్ 15, ఆదివారం

ధర్మవరానికి ఫోన్ చేసినా. విషయం చెప్తే అక్క ఒకటే నవ్వు. నవ్వు మధ్యలో ఊపిరి తెగుతాంది. ఆగి, మళ్లీ నవ్వి...

"బియ్యమా? కొంగులోనే ఉండాయి. మగ్గం మీద కూర్చుంటే నోరు ఊరికే ఉండదు కదే."

ఆయాసమెందుకు అంటే వయసు అంటాది. కాళ్లు వాచినాయంట, అదీ వయసే. నాకంటే మూడేండ్లు పెద్ద, అంతే.

"ఒకసారి రక్తం చూపించుకో అక్కా."

"ఈ చీర మగ్గం దిగనీ."

జూన్ 18

చీర ఇంకా దిగలేదంట.

జూన్ 22, ఆదివారం

చెప్పకుండా రైలెక్కి పోయినా. అక్క వాకిట్లోనే ఎదురైంది. పెదాలకి రంగు లేదు. చేయి పట్టుకుంటే వేళ్లకి పట్టు దారం రంగు అంటుకొని ఉండాది, అరచేయి మాత్రం తెల్లగా, ఉడికిన పిండి మాదిరి. వీధి చివర కొళాయి దాకా పోయి వస్తాంటే బిందె కింద పెట్టి గోడ పట్టుకొని నిలబడింది. పక్కింటామె ఏమీ అనకుండా బిందె ఎత్తుకొచ్చింది. అంటే రోజూ ఇదే.

మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంత గట్టు మీద మాత్రల అట్ట. సగం ఖాళీ.

"ఏంది బావా ఇది?"

"నడుము నొప్పికి. మందుల షాపులో ఇచ్చేదే. అది మింగకపోతే గుంతలోకి దిగలేదు మీ అక్క."

"ఎన్నాళ్లనుంచి?"

బావ లెక్క చెప్పలేకపోయినాడు. అక్క, "గమ్మునుండవే, అన్నం తిందురా" అంది. తిన్నా. తిన్నాక చెప్పినా — నాతో రావాల, ఈ పొద్దే. చీర అంది. పెండ్లోళ్లకి మాట ఇచ్చినామంది. బావ లేచి మగ్గంలో కూర్చున్నాడు. "చీర నేను దించుతా. నువ్వు పో సరోజా." ఆ మనిషి గొంతు అట్ల పలకడం నేనెప్పుడూ వినలేదు.

జూన్ 24, మంగళవారం

అక్క హిమోగ్లోబిన్ ఆరు కూడా లేదు.

డాక్టరమ్మ రిపోర్టు చూసి, అక్కని చూసి, మళ్లీ రిపోర్టు చూసింది. "ఈమె నడిచి వచ్చిందా?" అంది. మెల్లగా తగ్గుతా వస్తే ఒళ్లు అలవాటు పడిపోతాదంట. ఉన్న కొంచెం రక్తాన్నే గుండె తిప్పి తిప్పి పంపుతాది. అట్ల పని చేసి చేసి అక్క గుండె సాగి పెద్దదైందంట. ఇంకొన్నాళ్లు ఇట్లే ఉంటే... అని రిపోర్టు మడిచి పెట్టింది.

అక్కడే చేర్చుకున్నారు. రక్తం చుక్క చుక్కగా ఎక్కిస్తాండారు. తొందరగా ఎక్కిస్తే గుండె మోయలేదంట. అక్క సంచి వంకే చూస్తా ఉండాది. "ఈ ఎరుపు బార్డరుకి పెడితే బాగుంటాదే" అంది. బయటికి పోయి ఏడ్చి వచ్చినా.

జూన్ 25

మధ్యాహ్నం అక్క మెల్లగా అడిగింది.

"ఇదంతా అమ్మ సరిగ్గా పెట్టకపోతే వచ్చిందంటారా?"

"అట్ల ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. అంటారేమో అని."

అక్క కాళ్ల మీద దుప్పటి సర్దినా. తర్వాత నేనడిగినా — అమ్మ అన్నం తింటాంటే నువ్వెప్పుడన్నా చూసినావా? అక్క చాలాసేపు ఆలోచించింది. నాయన తినేది గుర్తుండాది. అవ్వ సంగటి ముద్ద మధ్యలో గుంత చేసి పులుసు పోసుకునేది గుర్తుండాది. మా ఇద్దరికీ కలిపి ఒకే గిన్నె. అమ్మ మాత్రం వడ్డిస్తానే గుర్తుకొస్తాది. కూర్చుని తినేది ఇద్దరికీ కనపడలేదు.

అమ్మా మట్టి తినేది. చెల్లెలు కడుపులో ఉన్నప్పుడు పుట్ట మన్ను దాచుకునేదని అవ్వ చెప్పేది, నవ్వుతా. ఆ చెల్లెలు దక్కలేదు. అమ్మ కూడా ఆయాసంతోనే పోయింది. అప్పుడు గుండె జబ్బన్నారు. ఆమె రక్తం ఎవరూ చూడలేదు.

ఇప్పుడు ఎవరు చెప్పగలరు...

జూన్ 28, శనివారం

గొంతులోకి గొట్టం వేసి చూసినారు. కడుపులో పుండు. ఆ నొప్పి మాత్రల వల్లే. దాంట్లోంచి లోలోపలే రక్తం కారిపోతాందంట, నాకు నెలనెలా పోయినట్టే, కాకపోతే కంటికి కనపడకుండా. పుండు మానేదానికి మందు ఇచ్చినారు. "ఆ నొప్పి మాత్ర ఇంకొక్కటి కూడా ముట్టకూడదు" అని డాక్టరమ్మ అంటే అక్క తలూపింది. మరి నడుము నొప్పికి ఏం చేయాలని అడిగింది. వ్యాయామం చెప్పినారు, పని తగ్గించమన్నారు. పని తగ్గించేదానికీ తలూపింది. నాకు నమ్మకం కలగలేదు.

జూలై 6, ఆదివారం

అక్కని రైల్లో ధర్మవరానికి తీసుకుపోయినా. కిటికీ పక్కన కూర్చోబెట్టినా. పెనుకొండ కొండ కనపడతానే అక్క కిటికీ ఊచ పట్టుకుంది.

"దిగుదామా?" అంది.

"ఆడ ఎవరుండారక్కా?"

"ఎవరూ లేరులే."

రైలు కదిలింది. కొండ కనపడినంతసేపూ మెడ తిప్పి చూస్తానే ఉండాది. ఎండకి పెదవులు ఎర్రగా కనపడినాయి. ఎండకేనా? చిన్నప్పుడు అట్లే ఉండేది అక్క.

జూలై 19

మిషను మీద పొద్దున్నుంచి కూర్చున్నా. కళ్లు తిరగలేదు.

ఆగస్టు 10, ఆదివారం

వాన. వాకిట్లో నిలబడినా. మట్టి వాసన వచ్చింది. నోరు ఊరలేదు.

మళ్లీ లోపలికి పోయి బలపం తెచ్చి కొరికినా. దుమ్ము. ఉత్త దుమ్ము. ఉమ్మేసినా.

నయమైతాందని అర్థం, డాక్టరమ్మ ముందే చెప్పింది. సంతోషపడాల. పడినా కూడా. కానీ ఇన్నేండ్లూ వాన పడినప్పుడల్లా ఆ తడి గోడ దగ్గరికి పోయి వచ్చేదాన్ని. అవ్వ అరుపు, అక్క వేలు, అమ్మ ఆ పక్కన యాడనో... అదంతా ఆకలేనా? ఒంట్లో లేనిదాని కోసరం నాలుక వెతుక్కునిందా, అంతేనా?

అక్కకి ఫోన్ చేసి చెప్పినా.

"నాకూ పోయిందే. కొంగులో బియ్యం కట్టుకునేది ఎప్పుడు మానినానో కూడా తెలీదు."

ఎవరో దగ్గరోళ్లు పోయినట్టు ఇద్దరం ఫోన్లో గమ్మున కూర్చున్నాం.

సెప్టెంబరు 7, ఆదివారం

ఈ వారం అక్కకి మళ్లీ రక్తపరీక్ష. గుండె కూడా మళ్లీ చూస్తారంట. గుర్తు చేద్దామని ఫోన్ చేసినా. "పోతాలేవే" అంది. మాటల వెనకాల మగ్గం చప్పుడు.

"ఎవరు నేస్తాండేది?"

"మీ బావ."

అంతలోనే వాకిలి దిక్కు నుంచి బావ గొంతు — "సరోజా, పాలోడు వచ్చినాడు!"

చప్పుడు ఆగింది.

"నడుము నొస్తాందా అక్కా?"

"రవ్వంత."

"మళ్లీ ఆ మాత్ర ఏమన్నా..."

"పాలోడు నిలబడుకోనుండాడే. పెడతా."

పెట్టేసింది. బావకి చేసి అడుగుదామని నంబరు తీసినా. అంతసేపూ నేస్తానే మాట్లాడింది కదా... యాడా ఊపిరి తెగలేదు. తిట్టాలో, సంతోషపడాలో తెలీక ఫోన్ పక్కన పెట్టినా.