తడి బరువు

బావగారికి,

మా కాలుష్య నియంత్రణ ఆఫీసు తరఫున మీ ఇటుక బట్టీ పక్కన గాలిలో దుమ్ము పట్టడానికి పెట్టిన వడపోత కాగితం మొన్న హద్దు మించి తూగిందని నోటీసు పంపితే, "అది మంచు తడి బరువు, మా నెత్తిన రుద్దకు మరదలు పిల్లా" అని ఫోన్లో నవ్వారు. మీ మాట కొట్టిపారేయలేదు. దుమ్ము నీళ్లు తాగే మాట నిజమే. అందుకే ఆ కాగితాన్ని తేమ పీల్చే మందు వేసిన గాజు డబ్బాలో ఒక రోజంతా ఆరబెట్టి మళ్లీ తూచాను.

ఎక్కువొచ్చిన బరువులో సగమే తగ్గింది. మిగిలినదేమిటా అని పరీక్షిస్తే గంధకపు ఉప్పు తేలింది. పొడి రోజుల్లో మీ పొగలోని గంధకం చాలావరకు దుమ్మును రాసుకుంటూ పోతుంది. మంచు రోజున రేణువు మీద పల్చటి నీటి పొర ఉంటుంది కదా, అందులో కరిగి, ఉప్పుగా మారి అక్కడే తిష్ఠ వేస్తుంది.

నోటీసు వెనక్కి తీసుకోను. చుట్టరికం నా త్రాసుకు తెలియదు. పొగ కడిగే యంత్రం పెట్టించండి, నేనే వచ్చి మళ్లీ తూచి సంతోషంగా సంతకం పెడతాను.

అక్క దగ్గు మంచు వల్లేనని మీరంటారు. ఒట్టి మంచే అయితే ఆరిన కాగితం పూర్తిగా తేలికపడాలి కదా, బావగారూ!

మీ మరదలు