కాశీలో వదిలిన టమాటా

సస్కటూన్, కెనడా,
అక్టోబరు నెల, ముక్కు ఎర్రబడే కాలం.

మదనపల్లె టమాటా మండీకి మహారాణి, మా బావ నోటికి ఏకైక కళ్లెం, నాకు పుట్టుకతోనే పెద్దదిక్కు అయిన రమక్కకు, నేలమాళిగ నుంచి తమ్ముడు హరి వంగి వంగి పెడుతున్న దండాలు. వంగడం వినయంతో కాదు, ఇక్కడ పైకప్పు అంత ఎత్తులోనే ఉంది.

నేను క్షేమం. మీరంతా ఎలా ఉన్నారు? బావకు షుగరు అదుపులో ఉందా, లేక మండీలో తాగే టీలను నీ దగ్గర ఇంకా దాస్తున్నాడా? అవ్వ మోకాలినొప్పి తగ్గిందా? చిన్నోడికి ముందు పళ్లు వచ్చాయా? వస్తే మొదట బావను కరవమని నా మాటగా చెప్పు.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటంటావేమో. నా వాయిస్ మెసేజీలను నువ్వు రెట్టింపు వేగంతో వింటావని బావ చెప్పాడు. ఎంతో గంభీరంగా మాట్లాడే తమ్ముణ్ణి ఎలుకపిల్లను చేసి వింటావా? అందుకే కాగితం పట్టాను. దీన్ని ఎంత వేగంగా చదువుతావో నేనూ చూస్తాను. తిరుపతి వెళ్తున్న మా క్లాసు కుర్రాడు తెచ్చి ఇస్తాడు. వాడికి భోజనం పెట్టు, కానీ టమాటా వెయ్యకు. ఇక్కడి టమాటా గోల విని విని వాడి చెవులు వాచాయి, ఆ గోలేంటో చెబుతాను.

నా గురించి బెంగ పెట్టుకోకు. బానే తింటున్నాను. చదువు బానే సాగుతోంది. సాయంత్రాలు ఒక పెద్ద కూరగాయల దుకాణంలో పని చేస్తున్నాను. అక్కడ నాకు అప్పగించిన పని ఏమిటో తెలుసా? టమాటాలు పేర్చడం! పుట్టినప్పటి నుంచి టమాటా క్రేట్ల మధ్య పెరిగి, ఆ వాసన పడక భూగోళానికి అవతలి వైపు పారిపోయి వచ్చినవాడికి దేవుడు ఇచ్చిన ఉద్యోగమిది. ఇక్కడి టమాటాలు చూడముచ్చటగా ఉంటాయి. ఒకటే సైజు, ఒకటే రంగు. కోస్తే లోపల థర్మాకోలు. చారులో వేస్తే చారుకే అవమానం.

పోనీ ఇంటికొస్తే ప్రశాంతత ఉందా? అదీ లేదు. నేను అద్దెకుంటున్నది ప్రభాకరం అంకుల్, విమల ఆంటీ వాళ్లింట్లో. తెనాలి వాళ్లు. అంకుల్ ఇక్కడ ఆఫీసులో పని చేసి ఈ మధ్యే రిటైరయ్యారు. గది చూడటానికి వెళ్లిన రోజు, "ఏ ఊరయ్యా?" అని అడిగారు. "మదనపల్లె" అన్నాను. అంతే, ఆయన ముఖం పెట్రోమాక్స్ లైటులా వెలిగింది. "టమాటాల ఊరు! విమలా, దేవుడే పంపించాడే!" అని అప్పటికప్పుడే తాళం చేతిలో పెట్టారు. మన ఊరిలో పుట్టినంత మాత్రాన టమాటా శాస్త్రం రక్తంలో ప్రవహిస్తుందని ఆయన నమ్మకం. ఆ రోజు నుంచి నా పేరు హరి కాదు, "మదనపల్లీ".

అక్కా, మన దగ్గర రేటు పడితే టమాటాలను రోడ్డు పక్కన పారబోస్తారు, ఆవులు కూడా మూతి తిప్పుకుని పోతాయి కదా. ఇక్కడ ఒక్క టమాటా మొక్కకు జరిగే వైభోగం చూస్తే ఆ ఆవులు కూడా నవ్వుతాయి. బయట మంచు ఉండగానే పెరుగు కప్పుల్లో విత్తనాలు. వాటికి కిటికీలో ప్రత్యేకంగా లైట్లు. మే నెలలో వాటికి "గాలి అలవాటు చెయ్యాలి" అంటూ పొద్దున ఎత్తుకుని బయట పెట్టడం, చలిగాలి వీస్తే మళ్లీ ఎత్తుకుని లోపల పెట్టడం. చంటిపిల్లలకు కూడా ఇంత చాకిరీ చెయ్యరు. తీరా నేలలో నాటి, కర్రలు కట్టి, పూత పూసి, కాయ కాసి, అది రంగు తిరుగుదామని ఆలోచిస్తుండగానే సెప్టెంబరులో మంచు కురిసి మొక్కలన్నీ నల్లబడి చస్తాయి. అంకుల్ ఈ ఘనకార్యం ఏళ్ల తరబడి చేస్తున్నారు. ఒక్క ఏడాది కూడా చెట్టు మీద ఎర్రటి కాయ చూడలేదట. పచ్చికాయలతో ఆంటీ పచ్చడి చేయడం, దాంతో ఆయన "ఈ ఏడు కూడా ఇంతే" అని ముద్ద కలపడం ఆ ఇంటి సంప్రదాయం.

ఇక అసలు కథ. పోయిన శీతాకాలం అంకుల్, ఆంటీ ఇండియా వెళ్లి కాశీకి పోయారు. కాశీకి వెళ్తే ఇష్టమైన పండొకటి, కూర ఒకటి వదిలెయ్యాలి కదా. ఆంటీ నిజాయితీపరురాలు. సీతాఫలం, వంకాయ వదిలారు. తెనాలి మనిషి వంకాయ వదలడమంటే రాజు కిరీటం దించి గంగలో పడెయ్యడమే. అంకుల్‌కి మాత్రం బుర్ర పాదరసం. పండ్లలో ఏం వదిలారో ఊహించు. కివీ! జన్మలో ఇష్టపడి తిన్న పాపాన పోలేదు. విశ్వేశ్వరుడు కివీ పండు ఎక్కడ చూశాడు, సరే పోనీలే అనుకుని ఉంటాడు. కూరల్లో టమాటా వదిలారు. "కెనడాలో కొన్న టమాటాకి రుచి లేదు, పెంచిన టమాటా పండదు. వదిలితే పోయేదేముంది?" అన్నది ఆయన లెక్క. దేవుడితోనే తెలివి చూపించిన మనిషి.

దేవుడు ఊరుకుంటాడా? ఈ ఏడాది ఎండలు విరగకాశాయి. తొందరగా కాపుకొచ్చే కొత్తరకం విత్తనం వేశారు. జులైలోనే మొక్కలు నడుముదాకా వచ్చాయి. ఆగస్టుకు గుత్తులు గుత్తులుగా కాయలు. అంకుల్ వాటి చుట్టూ తిరుగుతుంటే పెళ్లివారింట్లో షుగరు ఉన్నాయన లడ్డూల గదికి కాపలా ఉన్నట్టుంది. ఇన్నేళ్ల తర్వాత పండబోతున్నాయి, కానీ తినే హక్కు లేదు. తన దొడ్లో పండిన టమాటా ఒక్క ముక్కైనా నోట్లో వేసుకోవాలన్నదే ఆయన కోరిక. దాని మీదే ధ్యాస, నిద్రలో కూడా అదేనని ఆంటీ చెప్పారు.

ఒకరోజు పెరట్లో నన్ను పక్కకు పిలిచారు. "మదనపల్లీ, నువ్వు చదువుకున్నోడివి. టమాటా కూరగాయా? పండా?"

"సైన్సు ప్రకారం పండే అంకుల్."

"అదీ! మరి నేను కూరల కింద కదా వదిలింది? అది చెల్లదేమో కదా?"

వంటింటి కిటికీలోంచి ఆంటీ గొంతు వచ్చింది. "చెల్లుద్ది. శివుడు సైన్సు చదవలేదు."

అంకుల్ ఓటమి ఒప్పుకునే రకం కాదు. "అది కాదే, కొనుక్కునే టమాటా కదా నేను వదిలింది. సొంతంగా పెంచుకున్నదాన్ని నోరు తెరిచి వదల్లేదు కదా."

"అయితే పక్కింటివాళ్లు వండిపెట్టిన వంకాయ నేనూ తినొచ్చేమో? అది నేను కొన్నదీ కాదు, పెంచిందీ కాదు."

ఆయన వంగి కలుపు పీకడం మొదలుపెట్టారు. అక్కా, అప్పుడు నాకర్థమైంది. శివుడితో ఆయనకు పేచీ లేదు. కాశీ నుంచి వచ్చాక ఆంటీ ఒక్క వంకాయ ముక్క కూడా ముట్టలేదు. ఎవరింట్లో గుత్తివంకాయ పెట్టినా పళ్లెంలోంచి పక్కన పెట్టి నవ్వి ఊరుకుంటారు. ఆవిడ ముందు కూర్చుని ఈయన టమాటా తింటే, ఆవిడ త్యాగం వేళాకోళమైపోతుంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అందుకే ఆశ చావదు, ధైర్యం చాలదు.

ఇంతలో సెప్టెంబరు రానే వచ్చింది. ఇంకా అన్నీ పచ్చికాయలే. సాయంత్రమయ్యేసరికి చలి దిగుతోందంటే చాలు, మొక్కల మీద దుప్పట్లు కప్పాలి. దుప్పట్లు చాలక ఆంటీ పాత వెంకటగిరి చీరలు తెచ్చారు. నేను, అంకుల్ కలిసి ఒక్కో మొక్కకు చీర చుట్టి కొంగు కూడా సర్దాం. ఇంజినీరింగు చదివిన చేతులతో టమాటా మొక్కకు కుచ్చిళ్లు పెట్టాను, నన్ను కన్నవాళ్లకు ఈ మాట చెప్పకు. పక్కింటి హెలెన్ అనే ముసలావిడ కంచె మీద నుంచి చూసి, ఇది మీ పండుగా అని అడిగింది. "అవును, మా ఊళ్లో పెద్ద పండుగ" అన్నాను. ఆవిడ భక్తిగా దణ్ణం కూడా పెట్టింది.

ఆ తర్వాతి వారం చీరలు కూడా ఆపలేని చలి వస్తుందని ఫోను హెచ్చరించింది. అంకుల్ దిగాలుగా అన్ని కాయలూ కోసేశారు. వాటిని ఒక్కొక్కటిగా పాత పేపర్లలో చుట్టి, అట్టపెట్టెల్లో పేర్చి, మధ్యమధ్య మగ్గిన అరటిపండు పెట్టి, వెచ్చగా ఉండే చోట దాస్తే పండుతాయని ఈ ఏడే ఎవరో చెప్పారట. ఇంట్లో వెచ్చగా ఉండే చోటు ఏది? ఇల్లంతటికీ వేడిగాలి పంపే యంత్రం పక్కన, అంటే నా మంచం కింద. మామిడికాయలు మాగబెట్టే కొట్టులో నిద్రపోయినట్టుంది నా బతుకు. అరటిపండ్ల వాసనకు కలలో కూడా కోతులే వస్తున్నాయి. అంకుల్ పొద్దున్నే చెప్పులు టపటపలాడిస్తూ దిగి, నేను మంచం మీద ఉండగానే కింద దూరి, కాయకొక పలకరింపు. "ఇది బుగ్గలు ఎర్రబడుతోందయ్యా." "ఇది మెత్తబడింది, తీసెయ్, పక్కవాటిని పాడుచేస్తుంది." ఆస్పత్రిలో పెద్ద డాక్టరు రౌండ్ల కంటే ఈయనవే గంభీరంగా ఉంటాయి. వెటకారం చేస్తూనే లాంతరు పట్టినట్టు ఫోను లైటు పట్టేవాణ్ణి. ఏం చెయ్యను, ఇంటాయన కదా.

పోయిన ఆదివారం మొదటి కాయ పూర్తిగా పండింది. నిమ్మకాయంత ఉంది. మన మండీలో అయితే దాన్ని బావ క్రేటులోంచి ఏరి పారేస్తాడు. దాన్ని భోజనాల వేళ పళ్లెంలో పెట్టి తెచ్చారు. కడిగారు, తుడిచారు, ముక్కలు కోసి ఉప్పు చల్లారు. నేను, ఆంటీ చూస్తున్నాం.

"వాసన చూడొచ్చా విమలా?" అని అడిగారు. చిన్నపిల్లాడు అడిగినట్టు అడిగారు.

"వాసనకి పర్లేదు" అన్నారు ఆంటీ.

పళ్లెం ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. ఎంతసేపటికీ దించలేదు. ఒక్క మాట ఆవిడ "పోనీ తినండి" అని ఉంటే తినేవారే. ఆవిడ నోట్లో ఆ మాట ఉందని నాకు తెలుస్తూనే ఉంది. అది బయటికి రాకముందే ఆయన పళ్లెం నా వైపు జరిపారు.

"నువ్వు తిని చెప్పు మదనపల్లీ. నిజం చెప్పాలి."

తిన్నాను. అక్కా, మెచ్చుకోవడం నాకు అలవాటు లేని పని కాబట్టి ఒక్కసారే రాస్తాను, చదివి మర్చిపో. పులుపూ తీపీ కలిసి దవడల దాకా పాకింది. మండీలో ఇన్ని వేల క్రేట్ల మధ్య పెరిగాను, టమాటాకు ఇలాంటి రుచి ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. ఆయన నా నోటి వంకే చూస్తున్నారు. బాగుందంటే ఆ మనిషి ఇక నిద్రపోరు.

"చప్పగా ఉంది అంకుల్" అన్నాను. "తడిసిన అట్టముక్క నమిలినట్టుంది. ఇంతోటి దానికి చీరలు కూడానా!"

ఆయన భుజాలు కిందికి దిగాయి. "నే చెప్పలా!" అన్నారు. "ఈ దేశంలో టమాటా ఏంటి, మన మొహం!"

ఆంటీ ఒక ముక్క తీసుకున్నారు. నెమ్మదిగా నమిలారు. నా వంక ఒకసారి చూశారు. "అవునండీ. ఒట్టి నీళ్లు" అన్నారు. అని ఇంకో ముక్క తీసుకున్నారు. నేనూ ఇంకోటి తీసుకున్నాను. చివరి ముక్క దగ్గర మా ఇద్దరి వేళ్లూ తగులుకున్నాయి.

"చప్పగా ఉంటే అంత గబగబా తింటారేంటి?" అన్నారు అంకుల్.

"పారెయ్యడం దేనికని" అన్నారు ఆంటీ.

ఆయన ఖాళీ పళ్లేన్ని చూశారు, మమ్మల్ని చూశారు. అప్పుడు నవ్వారు. "సరే, కింద పెట్టెల నిండా ఉన్నాయి. రోజుకొకటి కోసిస్తా. మీ ఇద్దరూ ఇలాగే తిట్టుకుంటూ తినండి" అని, ఫోను లైటు వేసుకుని నా మంచం కిందికి వెళ్లిపోయారు.

నిన్నా కోసిచ్చారు, ఇవాళా కోసిచ్చారు. మేము తిడుతూనే ఉన్నాం. ఇంత నోరు తిరిగినవాణ్ణి, రోజుకొక కొత్త తిట్టు వెతకలేక ఛస్తున్నాను. నీకేమైనా తోస్తే రాసి పంపు. ఆ కుర్రాడి చేతికి అవ్వ కొట్టిన కారప్పొడి కూడా ఇవ్వు, ఈ ముక్కల మీదికి పనికొస్తుంది.

అవ్వకు, అమ్మానాన్నలకు నా సాష్టాంగాలు. బావకు సగం నమస్కారం, మిగతా సగం ఆయన టీలు మానేశాక. చిన్నోడికి ముద్దులు. ఇంటిల్లిపాది దీవెనలూ గట్టిగా కట్టి పంపు, ముందుంది చలికాలం. నేను క్షేమంగానే ఉన్నాను, బానే తింటున్నాను, నమ్ము.

నీ తిట్లకు అలవాటుపడిన,
తమ్ముడు
హరి